ఆపరేషన్ థియేటర్లో మందు మారిపోకుండా

తెలంగాణలో పుడుతున్న ప్రతి పదిమంది పిల్లల్లో ఆరుగురు ఆపరేషన్‌తోనే పుడుతున్నారు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెప్పిన లెక్క 60.7 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో 42.4 శాతం, దేశం మొత్తం మీద 21.5 శాతం. ఇన్ని సిజేరియన్లు అవసరమా అన్న ప్రశ్నను ఇక్కడ పక్కన పెడుతున్నాను. అది విడిగా, గట్టిగా మాట్లాడుకోవలసిన విషయం. కానీ ఇంతమంది ఆడవాళ్లు ఆ బల్ల ఎక్కుతున్నప్పుడు, బల్ల పక్కనుండే మందుల ట్రాలీ దగ్గర ఏం జరుగుతుందో మనకు తెలిసి ఉండాలి.

సిజేరియన్‌కు చాలావరకు వెన్నులోనే మత్తు ఇస్తారు. గర్భిణిని కూర్చోబెట్టి గానీ పక్కకు తిప్పి పడుకోబెట్టి గానీ, నడుము దగ్గర రెండు వెన్నుపూసల మధ్య నుంచి సన్నటి సూది పంపుతారు. సూది వెనక నుంచి తేటనీళ్లలాంటి వెన్నుద్రవం చుక్కలు చుక్కలుగా రాగానే మత్తు డాక్టరు సిరంజి తగిలించి సుమారు రెండు మిల్లీలీటర్ల మందు ఎక్కిస్తారు. ఆ మందు పేరు బుపివకైన్. వెన్నుద్రవం కంటే బరువుగా ఉండేందుకు అందులో గ్లూకోజ్ కలుపుతారు. అందుకే థియేటర్లో అందరూ దాన్ని ‘హెవీ’ అనే పిలుస్తారు. కొద్ది నిమిషాల్లో కాళ్లు బరువెక్కుతాయి, నడుము కింద నొప్పి తెలియకుండా పోతుంది. తల్లి మెలకువగానే ఉంటుంది. బిడ్డ తొలి ఏడుపు తన చెవులతో తనే వింటుంది. మంచి మందు, చవకైన మందు, లెక్కలేనంతమంది తల్లులకు మేలు చేసిన మందు.

హెవీ మామూలుగా నాలుగు మిల్లీలీటర్ల గాజు ఆంప్యూల్‌లో వస్తుంది. లోపలి మందుకు రంగుండదు. అదే ట్రాలీ మీద, ఒక్కోసారి అదే ట్రేలో, ఇంకో గాజు ఆంప్యూల్ ఉంటుంది. అది ఐదు మిల్లీలీటర్లది. అందులోదీ రంగులేని మందే. దాని పేరు ట్రానెక్సామిక్ ఆసిడ్.

ఇది రక్తం కారడాన్ని ఆపే మందు. జపాన్‌కు చెందిన ఉతాకో ఒకమోతో, ఆమె భర్త షోసుకే ఒకమోతో 1962లో దీన్ని లోకానికి అందించారు. కాన్పు తర్వాత రక్తస్రావంతో చనిపోయే తల్లులను బతికించాలన్నది ఆమె తపన. ఆ తపన నెరవేరిందని రుజువు కావడానికి అర్ధశతాబ్దం పైనే పట్టింది. 20,060 మంది బాలింతల మీద జరిగిన పెద్ద పరిశోధన ఫలితాలు 2017లో వచ్చాయి. కాన్పయిన మూడు గంటల్లోపు ఈ మందు పడితే రక్తస్రావం వల్ల కలిగే మరణాలు సుమారు మూడో వంతు తగ్గుతాయని తేలింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ అదే సంవత్సరం ఒక గ్రాము మందును నరం ద్వారా ఎక్కించమని సిఫారసు చేసింది. అలా ఈ ఆంప్యూల్ ప్రసూతి థియేటర్లలోకి వచ్చింది, రావలసిందే కూడా. పక్కన హెవీ అప్పటికే ఉంది.

నరంలోకి వెళ్తే ప్రాణం నిలబెట్టే ఈ మందు వెన్నులోకి వెళ్తే ప్రాణం తీస్తుంది. నాడీకణాలు ఒకదాన్నొకటి ఉత్తేజపరుచుకుంటూ ఉంటాయి. ఆ ఉత్తేజం మితిమీరకుండా గాబా, గ్లైసిన్ అనే రసాయనాలు ఎప్పటికప్పుడు అణచిపెడుతుంటాయి. ట్రానెక్సామిక్ ఆసిడ్ నేరుగా వెన్నుద్రవంలో కలిస్తే ఆ రసాయనాలు పనిచేసే చోట్లను అడ్డుకుంటుంది. ఇక అణచిపెట్టేది ఉండదు. మొద్దుబారవలసిన నడుములో విపరీతమైన నొప్పి మొదలవుతుంది. పిరుదులు, కాళ్లు మండిపోతాయి. కాళ్ల కండరాలు వాటంతటవే ఎగిరిపడతాయి, ఆపైన ఫిట్స్ వస్తాయి, బీపీ పెరిగిపోతుంది, గుండె లయ తప్పుతుంది. ఇలాంటి 21 కేసులను ఒకచోట చేర్చి ‘అనస్తీషియా’ అనే వైద్యపత్రిక 2019లో ఒక సమీక్ష వేసింది. అందులో 20 మంది చావు అంచుదాకా వెళ్లారు, 10 మంది చనిపోయారు. ఇవి ఎవరో ఒకరు ధైర్యం చేసి బయటపెట్టిన కేసులు మాత్రమే. 2022 మార్చిలో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఈ ఒక్క పొరపాటు మీదే ప్రపంచ దేశాలన్నిటికీ హెచ్చరిక జారీ చేసింది.

ఇది విన్నవాళ్లెవరైనా ముందు అనే మాట, “మందు పేరు చదువుకోవద్దా?” అని. న్యాయమైన కోపమే. కానీ ఈ కోపం దగ్గరే ఆగిపోతే ఇంకో తల్లి చనిపోవడాన్ని ఆపలేం. ఆ ఆంప్యూల్ కొట్టిన మనిషి బద్ధకస్తుడో, చదువురానివాడో కాదు. ఆ రోజు అప్పటికే నాలుగైదు కేసులు చేసి, ఇంకో కేసుకు సిద్ధమవుతున్న అనుభవజ్ఞుడే కావచ్చు. అనుభవం ఉన్నవాళ్లే ఎక్కువగా చెయ్యి అలవాటు మీద ఆధారపడతారు. హెవీ ఎక్కడుంటుందో చేతికి తెలుసు, దాని సైజు వేళ్లకు తెలుసు. కన్ను లేబుల్ మీద పడుతుంది గానీ, మెదడు అక్కడ ఉండాలనుకున్న పేరునే చూస్తుంది. మనిషి కన్ను పనిచేసే తీరే అంత. “ఇంకాస్త జాగ్రత్తగా ఉండండి” అని సర్క్యులర్ పంపితే ఆ తీరు మారదు.

పైగా థియేటర్లో ఒక విచిత్రమైన ఏర్పాటు ఉంది. వార్డులో ఒక సూదిమందు రోగి ఒంట్లోకి వెళ్లేలోపు డాక్టరు కేస్ షీట్‌లో రాస్తారు, ఫార్మసీలో ఒకరు చూసి ఇస్తారు, నర్సు మళ్లీ చూసి వేస్తుంది. తప్పు దొర్లితే పట్టుకోవడానికి కనీసం ముగ్గురున్నారు. థియేటర్లో ఏ మందు ఇవ్వాలో నిర్ణయించేది మత్తు డాక్టరే. తీసేది, కలిపేది, ఎక్కించేది, ఫలితం గమనించేది, చివరకు కాగితం మీద రాసేది కూడా ఆయనో ఆవిడో. అదీ కొన్ని సెకన్లలో. బీపీ పడిపోతున్నప్పుడు ఫార్మసిస్టును పిలిచి సంప్రదించే వ్యవధి ఉండదు. ఇంత ప్రమాదకరమైన మందుల్ని ఇంత వేగంగా, రెండో కంటికి చూపకుండా ఇచ్చే చోటు ఆస్పత్రి మొత్తంలో ఇంకొకటి ఉండదు.

ఎన్ని తప్పులు జరుగుతాయో కొలిచినవాళ్లున్నారు. న్యూజిలాండ్‌లో మత్తు డాక్టర్లను తమంతట తామే పేరు లేకుండా రాసివ్వమంటే 133 కేసులకు ఒక పొరపాటు తేలింది. ఇది 2001 నాటి లెక్క. తర్వాత అమెరికాలో, బోస్టన్‌లోని మసాచుసెట్స్ జనరల్ హాస్పిటల్లో, శిక్షణ పొందిన పరిశీలకులు 277 ఆపరేషన్లలో పక్కనే నిలబడి చూశారు. మొత్తం 3,671 సార్లు మందు ఇస్తే, 193 సార్లు పొరపాటో, మందు వల్ల హానో, రెండూనో కనబడ్డాయి. అంటే ఇరవైసార్లకు ఒకటి. వాటిలో 153 నివారించగలిగినవే. ఎవరూ చనిపోలేదు. అయినా ప్రపంచంలోనే పేరున్న ఆస్పత్రి అది. రెండు లెక్కల మధ్య ఇంత తేడాకు ఒక కారణం, తప్పు చేసిన మనిషికి తాను తప్పు చేసినట్టు చాలాసార్లు తెలియకపోవడం.

తప్పుల రకాలూ ఒక్కటి కాదు. ఆంప్యూల్ మారొచ్చు, మందు లోడ్ చేసి పెట్టిన సిరంజీ మారొచ్చు, మోతాదు పదిరెట్లు కావచ్చు. మన దగ్గర కెటమిన్ వయల్ మిల్లీలీటరుకు 10 మిల్లీగ్రాములదీ దొరుకుతుంది, 50 మిల్లీగ్రాములదీ దొరుకుతుంది. హెపారిన్ వెయ్యి యూనిట్లదీ ఉంది, ఐదువేలదీ ఉంది. పసిపిల్లల విషయంలో ఒక చుక్క, అంటే దశాంశ బిందువు, ప్రాణాంతకమవుతుంది. కాగితం మీద 1.0 అని రాస్తే బిందువు కనబడక 10 అవుతుంది. అందుకే ఒకటి రాయాలంటే ఒకటే రాయాలి, అర రాయాలంటే ముందు సున్నా పెట్టి 0.5 అనే రాయాలి.

నాకు అన్నిటికంటే భయం కలిగించేది కండరాల్ని సడలించే మందు మారిపోవడం. వెకురోనియం, సక్సామెథోనియం లాంటివి మత్తు ఇవ్వవు, నొప్పి తగ్గించవు. ఒంట్లో కండరాలన్నిటినీ కదలకుండా చేస్తాయి, ఊపిరి తీసే కండరాలతో సహా. పూర్తి మెలకువగా ఉన్న మనిషికి పొరపాటున ఆ మందు పడితే వేలు కదపలేడు, రెప్ప ఎత్తలేడు, ఊపిరి పీల్చలేడు, కానీ అన్నీ తెలుస్తుంటాయి. ఆపరేషన్ అయిపోయాక కూడా ఇది జరగొచ్చు. చేతికి పెట్టిన కాన్యులాలో, దాని ట్యూబులో ఈ మందు కొద్దిగా మిగిలిపోతుంది. వార్డుకు వెళ్లాక నర్సు అదే దారిలో యాంటీబయోటిక్ ఎక్కిస్తే, మిగిలిన మందు ముందు లోపలికి వెళ్తుంది. చిన్నపిల్లలకైతే ఆ కాస్తే ఊపిరి ఆపడానికి చాలు. థియేటర్ దాటించే ముందు కాన్యులాను సెలైన్‌తో కడగడం అర నిమిషం పని.

పేరు రాయని మందు కథ ఇంకా విషాదం. 1995 డిసెంబరులో అమెరికాలోని ఫ్లోరిడాలో ఏడేళ్ల బాబుకు చెవి ఆపరేషన్. కోయబోయే చోటు మొద్దుబారేందుకు ఇవ్వవలసింది లిడోకైన్. అందులో అడ్రినలిన్ లక్షకు ఒకటి పాళ్లలో కలిసి ఉంటుంది. పక్కనే ఇంకో గిన్నెలో, పైపైన అద్దడానికి పోసిన వెయ్యింటికి ఒకటి అడ్రినలిన్ ఉంది. సిరంజిలోకి వచ్చింది అది. నూరు రెట్ల గాఢత. బాబు బతకలేదు. 2004లో సియాటెల్‌లోని వర్జీనియా మేసన్ ఆస్పత్రిలో మెదడు రక్తనాళానికి చికిత్స జరుగుతుండగా, బల్ల మీద ఒకేలాంటి పాత్రల్లో మూడు రంగులేని ద్రవాలున్నాయి. ఒకటి సెలైన్, ఒకటి ఎక్స్‌రేలో కనబడేందుకు వాడే కాంట్రాస్ట్ ద్రవం, ఒకటి చర్మం శుభ్రం చేసే క్లోర్‌హెక్సిడిన్. మూడోది రక్తనాళంలోకి వెళ్లింది. మేరీ మెక్‌క్లింటన్ అనే ఆ రోగి చనిపోయారు. ఆస్పత్రి తన తప్పును దాచకుండా బహిరంగంగా చెప్పి క్షమాపణ కోరింది, ఆమె పేరు మీద ఏటా ఇచ్చే రోగి భద్రతా పురస్కారం పెట్టింది. ఫ్లోరిడా ఆస్పత్రి కూడా సిరంజిలను భద్రపరిచి పరీక్షకు పంపి, తేలిన నిజాన్ని తల్లిదండ్రులకు చెప్పింది. స్టెరైల్ బల్ల మీద ఉన్న ప్రతి గిన్నెకూ, ప్రతి సిరంజికీ పేరు రాయాలన్న నియమం ఇలాంటి ప్రాణాలు పోయాకే గట్టిపడింది.

ఆపడం ఎలా? మొదట చెప్పవలసింది చోటు గురించి. ట్రానెక్సామిక్ ఆసిడ్‌ను మత్తుమందుల ట్రాలీ మీద ఉంచకూడదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ హెచ్చరికలోనూ ఈ మాటే ఉంది. వేరే సొరుగులో, వీలైతే థియేటర్ గది బయట పెట్టాలి. కావలసినప్పుడు ఒక మనిషి వెళ్లి తేవాలి. ఆ నాలుగడుగుల దూరమే రక్ష. దీనికి టెండరు అక్కర్లేదు, బడ్జెట్ అక్కర్లేదు, డైరెక్టరేట్ అనుమతి అక్కర్లేదు. రేపు పొద్దున మొదటి కేసుకు ముందే చేయొచ్చు. ఇదే ప్రసూతి థియేటర్లో ఇంకో తారుమారు కూడా జరుగుతుంటుంది. తల్లికి ఇవ్వవలసిన మెథర్జిన్ ఆంప్యూల్‌ను విటమిన్ కె అనుకుని పసికందు తొడకు వేయడం. బిడ్డకు ఊపిరి మందగిస్తుంది, ఫిట్స్ వస్తాయి. తల్లి మందుల ట్రే, బిడ్డ మందుల ట్రే వేర్వేరు బల్లల మీద ఉంటే ఆ రెండు ఆంప్యూల్స్ ఒకే చేతికి అందవు.

తర్వాత లేబుల్. మందు సిరంజిలోకి లాగిన వెంటనే, చేతిలోంచి కింద పెట్టకముందే దాని మీద పేరు, గాఢత పడాలి. ప్లాస్టర్ ముక్క మీద పెన్నుతో రాసినా నయమే, కానీ దీనికి అంతర్జాతీయ ప్రమాణంగా రంగుల లేబుళ్లున్నాయి. కండరాలు సడలించే మందులకు ఎరుపు, మార్ఫిన్ జాతికి నీలం, బీపీ పెంచేవాటికి ఊదా, హెవీ లాంటి మొద్దుబార్చే మందులకు బూడిద రంగు, నిద్రపుచ్చేవాటికి పసుపు, అట్రోపిన్ వర్గానికి ఆకుపచ్చ. విరుగుడు మందుకు అదే రంగు మీద తెల్లటి ఏటవాలు చారలు. రంగు ఉందని చదవడం మానేస్తే మాత్రం ముప్పే. ఒకే రంగు కింద నాలుగు మందులుంటాయి. రంగు చేసే మేలల్లా, ఎర్ర సిరంజి ఉండకూడని చోట ఉంటే దూరం నుంచే కంటికి కొట్టడం.

రెండో మనిషి చేత చూపించుకోవడం గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే దీన్ని మొక్కుబడిగా చేసే చోట్లే ఎక్కువ. “సిస్టర్, ఇది హెవీయే కదా?” అని అడిగితే “అవును సార్” అనే జవాబే వస్తుంది. జవాబు ప్రశ్నలోనే ఉంది మరి. “సిస్టర్, ఇదేంటో చదవండి” అని ఆంప్యూల్ ఆమె కళ్ల ముందు పెట్టాలి. ఆమె పేరు, గాఢత, ఎక్స్‌పైరీ తేదీ పైకి చదవాలి. ఏ పేరు రావాలో ఆమెకు ముందుగా చెప్పకూడదు. ఆపైనే ఆంప్యూల్ మెడ విరవాలి. ఖాళీ ఆంప్యూల్‌ను కేసు పూర్తయ్యేదాకా చెత్తడబ్బాలో వేయకూడదు. అనుమానం వచ్చినప్పుడు ఏం ఇచ్చారో వెంటనే చెప్పగలిగే సాక్ష్యం అది. ఇంకోటి, పెద్ద డాక్టరు తీసిన మందును కొత్తగా చేరిన నర్సు “సార్, ఇది అది కాదు” అనగలగాలి. అనగానే ఆయన చెయ్యి ఆగాలి. మన ఆస్పత్రుల్లో హోదాల భయం ఎంతుందో తెలిసినవాళ్లకు ఈ ఒక్క మార్పు ఎంత కష్టమో, ఎంత అవసరమో తెలుస్తుంది.

యంత్రాల సాయమూ ఉంది. బార్‌కోడ్ చూపిస్తే మందు పేరును పైకి చదివి వినిపించే పరికరాలున్నాయి. ఫ్యాక్టరీలోనే నింపి, లేబుల్ వేసి వచ్చే సిరంజీలున్నాయి. వెన్నుసూదికి మాత్రమే పట్టే ప్రత్యేకమైన మూతి ఉన్న సిరంజీలు 2016 నుంచి అంతర్జాతీయ ప్రమాణంగా ఉన్నాయి. నరంలోకి ఎక్కించే మామూలు సిరంజి వాటి సూదికి బిగియదు. మంచి ఏర్పాటే. కానీ తప్పు ఆంప్యూల్‌లోంచి ఆ ప్రత్యేక సిరంజిలోకే మందు లాగితే అదేం చేయగలదు? అందుకే ట్రానెక్సామిక్ ఆసిడ్ విషయంలో నేను ఖరీదైన పరికరాల కంటే వేరే సొరుగునే ఎక్కువ నమ్ముతాను.

డాక్టర్ల చేతిలో లేని భాగం ఒకటుంది. ఒకే కంపెనీ వేర్వేరు మందుల్ని ఒకే సైజు గాజులో, ఒకే రంగు సిరాతో, గోరంత అక్షరాల్లో అచ్చువేసి పంపుతుంది. ఆస్పత్రి కొనుగోలు విభాగం తక్కువ ధర చూసి ఈ నెల కంపెనీ మారుస్తుంది. నిన్నటిదాకా హెవీ ఎలా ఉండేదో, నేడు ఇంకో మందు అలా ఉంటుంది. థియేటర్లో ఎవరికీ ముందుగా కబురుండదు. ఆర్డరు పెట్టేముందు ఆంప్యూల్‌ను థియేటర్‌కు పంపి, ఉన్న మందుల పక్కన పెట్టి చూడమనాలి. ఒకేలా ఉన్నాయని మత్తు డాక్టరు చెబితే రూపాయి తక్కువైనా కొనకూడదు. మన రెండు రాష్ట్రాల్లోనూ ప్రభుత్వాస్పత్రులకు మందులు చాలావరకు ఏ రాష్ట్రానికి ఆ రాష్ట్రంలో ఒక్కచోటి నుంచే కొంటున్నారు. అక్కడ పెట్టిన ఒక్క షరతు జిల్లా ఆస్పత్రి దాకా పనిచేస్తుంది.

ఇక శిక్షల సంగతి. 2017 డిసెంబరులో అమెరికాలోని నాష్‌విల్‌లో ఒక నర్సు, ఆందోళన తగ్గించే మందు కోసం మందుల యంత్రంలో మొదటి రెండు అక్షరాలు కొట్టి, వచ్చిన వెకురోనియం వేసింది. రోగి చనిపోయింది. 2022లో కోర్టు ఆ నర్సును దోషిగా తేల్చి మూడేళ్ల ప్రొబేషన్ విధించింది. ఆమె తప్పు చిన్నది కాదు, హెచ్చరికలు దాటుకుని వెళ్లింది. అయినా ఆ తీర్పు తర్వాత నర్సులు భయపడింది నిజం. భయపడ్డ మనిషి తన పొరపాటును రాసివ్వడు. రాసివ్వకపోతే ఆ ఆంప్యూల్స్ పక్కపక్కనే ఉన్న సంగతి పక్క ఆస్పత్రికి తెలియదు. నిర్లక్ష్యానికి శిక్ష ఉండాలి. పొరపాటును వెంటనే ఒప్పుకున్నవారికి రక్షణ ఉండాలి. ఈ రెంటినీ వేరుగా చూడగలిగిన ఆస్పత్రే సురక్షితం.

చివరగా బల్ల ఎక్కబోయేవారికి, వారి ఇంట్లోవాళ్లకు. వాడుతున్న మాత్రల స్ట్రిప్పులన్నీ సంచిలో వేసుకుని తీసుకెళ్లండి. రక్తాన్ని పలచబరిచే మాత్రలు, నాటుమందులు వాడుతున్నా దాచకండి. ఏ మందుకైనా దద్దుర్లో ఆయాసమో వచ్చి ఉంటే అడగకపోయినా చెప్పండి, కేస్ షీట్ మీద రాయించండి. పిల్లలైతే ఆ రోజే బరువు తూయించండి, ఎందుకంటే వాళ్ల మోతాదంతా కిలోల లెక్కే. వెన్నులో సూది వేశాక కాళ్లు బరువెక్కాలి, మొద్దుబారాలి. అలా కాకుండా నడుములోనో పిరుదుల్లోనో నొప్పి, మంట మొదలైతే ఓర్చుకోవాలేమో అనుకోకండి, ఆ క్షణమే మత్తు డాక్టరుకు చెప్పండి. ఎంత త్వరగా తెలిస్తే, వెన్నుద్రవాన్ని సెలైన్‌తో కడిగి, ఫిట్స్‌ను అదుపు చేసి కాపాడే అవకాశం అంత ఎక్కువ.